‘దుడ్లు పడినాయంట... యాడుండాయి?’

ఖాతాలో డబ్బుంది. ఊళ్లో క్యూఆర్ కోడ్ ఉంది. అయినా పేమెంట్ అవ్వదు! ఎందుకని? అనంతపురం కరువు పల్లెలు చెప్తున్న డిజిటల్ పాఠం ఇది. మీ ఇంట్లో కూడా ఒక అవ్వో, తాతో ఉంటే తప్పకుండా చదవండి.

మొన్న ఊరికెళ్లినప్పుడు నా ఫోన్‌కు ఓ మెసేజ్ వచ్చింది. మా అవ్వ ఖాతాలో పీఎం కిసాన్ విడత పడిందని. కల్యాణదుర్గం దిక్కు మా ఊరు. అవ్వ పేరు మీద కాస్త మెట్ట పొలం ఉంది. వాన పడితే శెనక్కాయ, పడకపోతే పట్టా పాసుపుస్తకం... అంతే దాని కథ.

“అవ్వా, నీ దుడ్లు పడినాయి. రెండు వేలు.”

“పడినాయా? యాడుండాయి, చూపీ.”

ఫోన్ చూపించా. అవ్వ స్క్రీన్ వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసింది.

“ఇది నీ ఫోనే గదరా. నా దుడ్లు నీ ఫోన్లో ఏం చేస్తాండాయి?”

పకపకా నవ్వేశా. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే అవ్వ అడిగింది జోకు కాదు. ఏళ్ల కిందట ఆమెకు ఖాతా తెరిచినప్పుడు ఫారంలో ఫోన్ నంబర్ అడిగారు. అప్పుడు అవ్వకు ఫోన్ లేదు. నా నంబర్ రాసేశాం. ఆ తర్వాత ఓటీపీ నాకే, మెసేజ్ నాకే, పిన్ పెట్టిందీ నేనే. అంటే పొలం అవ్వది, పాసుపుస్తకం అవ్వది, డబ్బు అవ్వది. తాళంచెవి మాత్రం బెంగళూరులో నా జేబులో!

ఊళ్లో అంగడికెళ్తే గోడ మీద క్యూఆర్ కోడ్ ఉంది. పక్కనే డబ్బు పడగానే గట్టిగా అరిచే చిన్న స్పీకర్ డబ్బా. నేను స్కాన్ చేసి వక్కాకు, సబ్బు, చక్కెర తెచ్చా. అదే పని అవ్వ చేయలేదు. మండల కేంద్రానికి బస్సెక్కి, బ్యాంకు ముందు నిలబడి, తన డబ్బు తాను తెచ్చుకోవాలి. లేదా నన్నడగాలి. “నా దుడ్లు నేను అడుక్కోవల్లనా?” అని ఆ రోజు రాత్రి మెల్లగా అన్న మాట ఇంకా చెవిలో ఉంది.

దేశమంతా స్కాన్ చేస్తోంది కదా, ఇంకా ఈ సమస్యేంటి అనుకుంటున్నారా? నిజమే, 2025 ఆగస్టు ఒక్క నెలలోనే యూపీఐలో 2 వేల కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. ఆ లెక్కలో మీరున్నారు, నేనున్నా. మా అవ్వ లేదు. ఆమె ఎందుకు లేదో చూద్దాం.

కరువు నేలకు ఇది చిన్న విషయం కాదు

అనంతపురం అంటే మనకు చిన్నప్పటి పాఠమే గుర్తొస్తుంది. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ వేళకు పడితే. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించేసుకుంటాయి, ఈశాన్య రుతుపవనాలు ఇక్కడికి వచ్చేసరికి అలిసిపోతాయి. మధ్యలో ఈ పీఠభూమి ఆకాశం చూస్తూ ఉంటుంది.

ఇలాంటి చోట ఇల్లు పంట ఒక్కదాని మీదే నడవదు. పింఛను, పీఎం కిసాన్, పంటల బీమా, పంట నష్టపోతే ఇచ్చే పరిహారం, ఉపాధి కూలి, డ్వాక్రా రుణం, బెంగళూరుకు వలసెళ్లిన కొడుకు పంపే డబ్బు... ఇన్ని చిల్లర కాలువలు కలిస్తేనే ఏడాది గడుస్తుంది. వీటిలో చాలావరకు ఇప్పుడు వచ్చేది బ్యాంకు ఖాతాకే. అంటే పట్నంలో ఉన్నవాడికి ఆన్‌లైన్ పేమెంట్ ఒక సౌకర్యం. ఇక్కడ అది రేషన్ బియ్యంలో కలుపుకునే పప్పు. ఆ దారి మూసుకుపోతే క్యాబ్ బుక్ అవ్వకపోవడం కాదు, పొయ్యి వెలగకపోవడం.

బండ్లపల్లి నుంచి మొదలైన కథ

మీకు తెలుసా? దేశమంతటికీ తెలిసిన ఉపాధి హామీ పథకం మొదలైంది అనంతపురం జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. ఊళ్లల్లో మాత్రం దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. ‘కరువు పని’ అంటారు.

పని దొరికింది. మరి కూలి చేతికెలా రావాలి? మొదట్లో పోస్టాఫీసు ఖాతాల్లో వేసేవారు. పోస్టాఫీసేమో ప్రతి ఊళ్లో ఉండదు. పొద్దున్నే వెళ్తే ‘డబ్బు ఇంకా రాలేదు, రేపు రాపో’ అనే మాట. రేపు వెళ్తే మళ్లీ అదే మాట. వచ్చినా మధ్యలో ఎవరో కొంత తినేసేవాళ్లు. ఒకరోజు కూలి తెచ్చుకోవడానికి ఇంకోరోజు కూలి పోయేది.

అప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఓ ప్రయోగం చేసింది. బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డు. కార్డు మీద మీ ఫొటో, లోపల వేలిముద్ర. ఊళ్లోనే ఒక ప్రతినిధి చిన్న మెషిన్ పట్టుకుని కూర్చుంటారు. చాలాచోట్ల ఆ ఊరి పొదుపు సంఘం మహిళే. వేలు పెట్టు, డబ్బు తీసుకో, రసీదు తీసుకో. అంతే.

ఇది నిజంగా పనిచేసిందా అని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్క తీశారు. ఎనిమిది జిల్లాలు, దాదాపు 1.9 కోట్ల జనాభా. ఆ ఎనిమిదిలో అనంతపురం కూడా ఒకటి. 2016లో వాళ్ల ఫలితాలు అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చాయి. కూలి త్వరగా అందింది, తీసుకోడానికి పట్టే సమయం తగ్గింది, మధ్యలో మింగేది తగ్గింది. జనంలో అత్యధికులు పాత పద్ధతి కంటే ఇదే మేలన్నారు. అయితే రెండేళ్ల తర్వాత కూడా సగం చెల్లింపులే కొత్త దారిలోకి మారాయి. మెషిన్ కొనడం సులువు. ఊరూరా మనిషిని పెట్టి, డబ్బు వేళకు చేర్చడం కష్టం.

ఈ కథలో గమనించాల్సింది ఒకటుంది. స్మార్ట్‌కార్డు గెలిచింది చిప్పు వల్ల మాత్రమే కాదు. ఊళ్లో తెలిసిన మనిషి ఒకరు, గుర్తుపెట్టుకోవాల్సిన పాస్‌వర్డ్ లేని ఒక పద్ధతి, చేతికొచ్చే నోటు, ఈ మూడూ కలిశాయి కాబట్టి. తర్వాత మనం టెక్నాలజీని పెంచుకుంటూ పోయాం. ఆ మనిషిని మాత్రం మెల్లగా పక్కకు జరిపేశాం.

ఒక్క పేమెంటుకు ఆరు తాళాలు

మనకు పేమెంట్ అంటే రెండు సెకన్ల పని. స్కాన్, పిన్, టిక్కు మార్కు. కానీ ఆ టిక్కు మార్కు రావాలంటే వెనక ఆరు తాళాలు తెరుచుకోవాలి. వాటిలో ఏ ఒక్కటి బిగుసుకున్నా అంతే సంగతులు.

మొదటి తాళం ఫోన్ నంబర్. బ్యాంకులో ఉన్న నంబరే మీ చేతిలోని సిమ్‌లో ఉండాలి. యూపీఐ యాప్ మొదటిసారి తెరిచినప్పుడు మీ ఫోన్ నుంచి దానంతటదే ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది, గుర్తుందా? ఆ సిమ్ ఆ ఫోన్‌లోనే ఉందని నిర్ధారించుకునే పద్ధతి అది. మా అవ్వలాగా కొడుకు నంబరో, మనవడి నంబరో, ఖాతా తెరిపించిన ఏజెంటు నంబరో రాయించుకున్నవాళ్లు మొదటి మెట్టులోనే ఆగిపోతారు.

రెండో తాళం రీచార్జ్. 2024 జులైలో టెలికాం కంపెనీలు రేట్లు పెంచాక సిమ్ బతికించుకోవాలంటే నెలకు దాదాపు రూ.200. పని లేని నెలలో అది ఒకరోజు కూలిలో పెద్ద ముక్క. రీచార్జ్ ఆగితే ఎస్సెమ్మెస్ పోదు, కొన్నాళ్లకు ఓటీపీ రాదు. ఇంకా వదిలేస్తే నంబరే పోతుంది, వేరేవాళ్లకు వెళ్తుంది. అప్పుడు మీ బ్యాంకు మెసేజ్‌లు ఎవరో కొత్తవాళ్ల ఫోన్‌లో మోగుతాయి. డేటా అక్కర్లేనివాళ్ల కోసం మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాకులు పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. అవి వచ్చాయి కూడా. ఊళ్లో అడిగి చూడండి, ఎంతమందికి తెలుసో!

మూడో తాళం కార్డు. యూపీఐ పిన్ పెట్టుకోవాలంటే డెబిట్ కార్డు చివరి ఆరంకెలు, ఎక్స్‌పైరీ తేదీ అడుగుతుంది. జన్‌ధన్ ఖాతాలు 2014 ఆగస్టు 28న మొదలయ్యాయి. వాటితో రూపే కార్డులూ ఇచ్చారు. ఆ కార్డు ఇప్పుడెక్కడుంది? కొందరి ఇళ్లల్లో దేవుడి పటం వెనక, ఇంకొందరి ఇళ్లల్లో బియ్యం డబ్బాలో. గడువు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. కార్డు లేకపోయినా ఆధార్ ఓటీపీతో పిన్ పెట్టుకునే దారి తర్వాత వచ్చింది. కానీ ఆధార్‌లోనూ, బ్యాంకులోనూ ఒకే నంబర్ ఉండాలి. చూశారా, మళ్లీ మొదటి తాళం దగ్గరికే వచ్చాం.

నాలుగో తాళం ఆధార్ లింకు. ఇదో విచిత్రం. ప్రభుత్వం ఆధార్ ఆధారంగా వేసే డబ్బు మీరు చెప్పిన ఖాతాకు కాకుండా, మీ ఆధార్ చివరిసారిగా ఏ ఖాతాకు అనుసంధానమైందో ఆ ఖాతాకు వెళ్తుంది. ఒకే మనిషికి పంట రుణం ఒక బ్యాంకులో, డ్వాక్రా పొదుపు ఇంకో బ్యాంకులో, జన్‌ధన్ మరో చోట ఉంటే? డబ్బు ఒక చోట పడుతుంది, మనిషి ఇంకో బ్యాంకు ముందు క్యూలో నిలబడతాడు. కొత్త సిమ్ కోసం వేలిముద్ర వేస్తే తెలియకుండానే పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరిచి, గ్యాస్ సబ్సిడీ అందులోకి మళ్లిన ఉదంతం 2017లో దేశమంతా గోల చేసింది. 2024 జనవరి 1 నుంచి ఉపాధి కూలికి ఈ ఆధార్ పద్ధతే తప్పనిసరి అయ్యింది. జాబ్ కార్డులో పేరు ‘లక్ష్మమ్మ’, ఆధార్‌లో ‘లక్ష్మీదేవమ్మ’ అయితే చాలు, తిరుగుడు మొదలు.

అయిదో తాళం నెట్‌వర్క్. గుట్టల మధ్య ఊళ్లల్లో సిగ్నల్ కోసం మిద్దెక్కడం మనకు తెలిసిందే. చక్రం తిరుగుతూనే ఉంటుంది. డబ్బు కట్ అయ్యిందా, అవ్వలేదా? అంగడాయన స్పీకర్ నోరు విప్పదు. వెనక క్యూ. రూ.30కి ఇంత సిగ్గుపడాలా అనిపించి ఓ పెద్దాయన మళ్లీ ఆ యాప్ ముట్టుకోడు. మనం ‘సర్వర్ డౌన్’ అని నవ్వుకుంటాం. ఆయన మాత్రం ‘నాకు చేతకాదు’ అనుకుంటాడు.

ఆరో తాళం భాష, భయం. బ్యాంకు మెసేజ్ ఇంగ్లిష్‌లో. ‘డెబిట్’ అంటే పోయిందా, వచ్చిందా? యాప్‌ను తెలుగులోకి మార్చుకునే వీలు చాలావాటిలో ఉంది, ఎవరు మార్చి పెట్టాలి? పైగా రోజూ వినే మోసాల వార్తలు. ఒక్క తప్పు నొక్కుతో ఆర్నెల్ల పింఛను పోతుందన్న భయం తెలివితక్కువతనం కాదు, లెక్క తెలిసినవాళ్ల జాగ్రత్త.

ప్రపంచ బ్యాంకు 2021 ఫైండెక్స్ సర్వేలో మనదేశంలో పెద్దల్లో 78 శాతం మందికి ఖాతా ఉందని తేలింది. మంచి వార్తే. అదే సర్వే ఇంకో మాటా చెప్పింది. ఆ ఖాతాల్లో 35 శాతం ఏడాదిగా వాడకుండా పడున్నాయి! ఖాతా తెరవడం వేరు, దాని తాళాలు తెరుచుకోవడం వేరు.

ఎండలో పరీక్ష

ఈ తాళాల సంగతి రాష్ట్రమంతటికీ ఒకసారి కళ్లకు కట్టింది. 2024 మే నెల. ఎన్నికల వేళ. అంతకుముందు ఒకటో తారీఖున ఇంటి గుమ్మం దగ్గరికే వచ్చిన పింఛను ఆ నెల చాలామందికి బ్యాంకు ఖాతాల్లో పడింది. కాగితం మీద చూస్తే డబ్బు చేరినట్టే. కానీ ఏ ఖాతాలో పడిందో తెలియక, మండుటెండలో వృద్ధులు బ్యాంకుల ముందు పడిగాపులు పడ్డారు. ఆ ఏడాది జులై 1 నుంచి మళ్లీ పింఛను ఇంటికే వచ్చింది, ఈసారి సచివాలయం ఉద్యోగుల చేతుల మీదుగా.

ఎవరిది తప్పు అన్న రాజకీయం పక్కన పెడదాం. ఆ ఎండ చెప్పిన పాఠం ఒకటే: డబ్బు ఖాతాలో పడటానికీ, చేతికి అందటానికీ మధ్య ఒక దూరం ఉంది. ఆ దూరాన్ని ఇన్నాళ్లూ ఎవరో ఒక మనిషి నడిచి తగ్గించారు.

ఫోన్ ఎవరి చేతిలో ఉంటే...

డ్వాక్రా సంఘాల్లో నెలనెలా వాయిదా తప్పకుండా కట్టేది ఆడవాళ్లే. మినిట్స్ పుస్తకం రాసేది వాళ్లే, బ్యాంకు మేనేజర్‌తో మాట్లాడేది వాళ్లే. కానీ ఇంట్లో ఒక్కటే స్మార్ట్‌ఫోన్ ఉంటే అదెవరి దగ్గర ఉంటుంది? ఆయన పొలానికెళ్తే పొలానికి, పిల్లాడు కాలేజీకెళ్తే కాలేజీకి! అమ్మ దగ్గర ఉండేది చార్జింగ్ పెట్టేటప్పుడే.

నోటు రోజుల్లో అమ్మకు ఒక స్వేచ్ఛ ఉండేది. పోపుల డబ్బాలో దాచిన వంద ఎవరికీ కనపడదు. యూపీఐలో ప్రతి రూపాయికీ నోటిఫికేషన్ వస్తుంది, వచ్చేది నాయన ఫోన్‌కు. “ఈ నూటయాభై ఎవరికి కొట్టినావు?” అనే ప్రశ్న వెంటనే వస్తుంది. పుట్టింటికి పంపిందో, కూతురికి ఇచ్చిందో, జవాబు చెప్పుకోవాలి. పేమెంట్ ఎంత సులువైందో, కొందరికి అంత కాపలా పెరిగింది. మన టెక్ రివ్యూల్లో ఈ ఫీచర్ గురించి ఎవరూ రాయరు.

కీప్యాడ్‌కూ దారుంది

అసలు స్మార్ట్‌ఫోన్ లేకుండా డబ్బు పంపే దారి లేదా? ఉంది. *99# అని డయల్ చేస్తే ఇంటర్నెట్ లేకుండానే బ్యాలెన్స్ చూడొచ్చు, డబ్బు పంపొచ్చు. 2014 నుంచే దేశమంతటా ఉంది. యూపీఐ పుట్టింది 2016 ఏప్రిల్‌లో, అంటే దాని కంటే ముందే! 2022 మార్చిలో కీప్యాడ్ ఫోన్ల కోసం ‘యూపీఐ 123పే’ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో చిన్న మొత్తాలకు పిన్ అక్కర్లేని ‘యూపీఐ లైట్’ వచ్చింది.

మరి ఎందుకు వాడరు? *99# మెనూ అంకెల చిక్కు. ఒకటి నొక్కు, మూడు నొక్కు, ఆలస్యమైతే మొదటికి రా. పైగా దీనికీ బ్యాంకు నంబరే సిమ్‌లో ఉండాలి, పిన్ ఉండాలి. దారి వేశారు కానీ ఊరి దగ్గర బోర్డు పెట్టలేదు, చెయ్యి పట్టుకుని నడిపించే మనిషిని పెట్టలేదు.

కెన్యాను చూడండి. 2007 మార్చిలో అక్కడ ఎం-పెసా మొదలైంది. మామూలు కీప్యాడ్ ఫోన్‌లో, సిమ్ మెనూతో, ఎస్సెమ్మెస్‌తో డబ్బు పంపడం. అది ఊరూరా పాకింది ఎలా? వీధి చివర అంగడిలో ఒక ఏజెంటు ఉండేవాడు. నోటిస్తే ఫోన్‌లో వేస్తాడు, ఫోన్‌లోది అడిగితే నోటిస్తాడు. మన స్మార్ట్‌కార్డు అక్క చేసిన పని లాంటిదే! రెండు చోట్లా జనం నమ్మింది మెషిన్ పక్కన కూర్చున్న మనిషిని.

మనకూ తప్పలేదు

‘ఇదంతా ముసలోళ్ల గొడవ’ అనుకునే లోపు ఒక్క మాట. అనంతపురంలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు సొంతంగా ఓ యాప్ చేశాడనుకోండి. ప్లే స్టోర్‌లో పెట్టాలంటే ఒకసారి 25 డాలర్లు కట్టాలి. జేబులో ఉన్నది జన్‌ధన్ ఖాతాతో వచ్చిన మామూలు రూపే కార్డు, దేశంలోపల వాడకం కోసం చేసింది. పేమెంట్ ఫెయిల్! వేరే కార్డున్నా కథ అంతే. 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డుల్లో ఆన్‌లైన్, విదేశీ వాడకం ఆపేసే ఇస్తారు. మనమే బ్యాంకు యాప్‌లోకెళ్లి ఆన్ చేసుకోవాలి. ఇది తెలియక ‘కార్డు పాడైంది’ అనుకునేవాళ్లు ఎందరో.

కట్టడమే కాదు, తీసుకోవడమూ కష్టమే. నైజీరియాలో 2014లో పేపాల్ వచ్చినప్పుడు డబ్బు పంపడానికే వీలు, తీసుకోడానికి లేదు. పాకిస్థాన్‌కు ఆ సర్వీసే లేదు. ఆన్‌లైన్‌లో పని దొరికినా కూలి చేతికి రాని కుర్రాళ్లు ఇలాంటి దేశాల్లో చాలామంది. గమనించారా? బండ్లపల్లి కూలీకి, లాగోస్‌లోని డిజైనర్‌కు ఒకటే సమస్య. పని అయిపోయింది, డబ్బు దారిలో ఎక్కడో ఆగింది.

భద్రత కోసం పెట్టిన రూల్సే ఒక్కోసారి అడ్డం పడతాయి. మనదేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపుకు రెండో ధ్రువీకరణను రిజర్వ్ బ్యాంకు 2009లోనే తప్పనిసరి చేసింది. ఆ ఓటీపీ వల్లే మన డబ్బు చాలాసార్లు దొంగల చేతికి పోకుండా ఆగింది. అదే ఓటీపీ సిగ్నల్ లేని ఊళ్లో రాదు. తాళం ఉండొద్దని ఎవరూ అనరు. తాళంచెవి ఇంటివాళ్ల దగ్గరే ఉండాలి కదా అన్నదే గోల.

వేలు అరిగిపోతే?

ఇవన్నీ కుదరకపోతే చివరి దారి వేలిముద్ర. ఊళ్లో బ్యాంక్ మిత్ర దగ్గర మెషిన్ మీద వేలు పెడితే ఆధార్‌తో డబ్బు తీసుకోవచ్చు. ఫోన్ అక్కర్లేదు, కార్డు అక్కర్లేదు. మా అవ్వలాంటివాళ్లకు ఇప్పటికీ ఇదే దిక్కు.

కానీ నలభై ఏళ్లు కలుపు తీసిన వేళ్లు, శెనక్కాయలు వలిచిన వేళ్లు అరిగిపోతాయి. మెషిన్ గుర్తుపట్టదు. ఇంకో వేలు, ఇంకో వేలు. పక్కనున్నవాళ్లు కొబ్బరి నూనె రాయమంటారు, తుడవమంటారు. ఇంకో భయం మోసం. దస్తావేజుల మీది వేలిముద్రలు కాపీ చేసి, నకిలీ ముద్రలతో ఖాతాలు ఖాళీ చేసిన కేసులు దేశంలో చాలాచోట్ల బయటపడ్డాయి. వాడనప్పుడు ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేసి పెట్టుకునే వీలుంది. అయితే ఆ లాక్ వేయాలన్నా, తీయాలన్నా ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్ కావాలి. తిరిగి తిరిగి మొదటి తాళమే!

ఈసారి ఊరెళ్తే ఈ పని చేయండి

అందరం కలిసి వ్యవస్థను ఒక్కరోజులో మార్చలేం. కానీ ఒక ఇంటి తాళాలు ఒక్కరోజులో తీయొచ్చు. పండక్కి ఊరెళ్లినప్పుడు సెల్ఫీలయ్యాక ఓ గంట దీనికివ్వండి.

• అమ్మ, అవ్వ, తాత ఖాతాలకు ఎవరి నంబర్ ఉందో చూడండి. మీదైతే, వాళ్లకు సొంత సిమ్ ఉంటే, పాసుపుస్తకం, ఆధార్ తీసుకుని బ్యాంకుకెళ్లి మార్పించండి. ఆధార్‌లోనూ అదే నంబర్ పెట్టించండి.

• ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు లింకైందో కనుక్కుని పాసుపుస్తకం అట్ట మీద పెద్దక్షరాలతో రాయండి. ‘గవర్నమెంటు దుడ్లు ఇందులోనే పడతాయి’ అని.

• యాప్‌ను తెలుగులోకి మార్చండి. మీకు పది రూపాయలు వాళ్ల చేతే పంపించండి. రెండుసార్లు కాదు, పదిసార్లు.

• డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పంపడానికే కావాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం మోసాలు ఆగుతాయి.

• డబ్బు కట్ అయ్యి అవతల చేరకపోతే గాభరా వద్దు. రిజర్వ్ బ్యాంకు 2019 నిబంధన ప్రకారం యూపీఐలో మనిషికి పంపిందైతే మర్నాటికి, అంగడికి కట్టిందైతే అయిదు రోజుల్లో వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలి. ఇది మీ హక్కు.

• మోసం జరిగిందనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇంకో సంగతి. పెద్దవాళ్లు నేర్చుకోనంటే బలవంతం చేయకండి. నోటు వాడటం వెనకబాటు కాదు. బ్యాంక్ మిత్ర దగ్గరికెళ్లి డబ్బు తీసుకొచ్చి చేతిలో పెట్టడమూ సాయమే. ఎలా ఇచ్చామన్నది కాదు, అడగకుండా ఇచ్చామా లేదా అన్నదే లెక్క.

తాళంచెవి తిరిగిచ్చేశా

ఆ మర్నాడు అవ్వను వెంటబెట్టుకుని బ్యాంకుకెళ్లా. కీప్యాడ్ ఫోన్‌లోని సిమ్ నంబర్ ఖాతాకు మార్పించాం. ఫారం, సంతకం బదులు వేలిముద్ర, రెండు జిరాక్సులు, రెండు గంటల ఎదురుచూపు. కౌంటర్లో ఆమె డబ్బు ఆమే తీసుకుంది. నాలుగు అయిదు వందల నోట్లు. ఒకటికి రెండుసార్లు లెక్కబెట్టి, వక్కాకు తిత్తిలో మడిచి పెట్టుకుంది.

అవ్వ ఇప్పుడు యూపీఐ వాడుతోందని అబద్ధం చెప్పను. వాడట్లేదు. కానీ కొన్నాళ్లకు బెంగళూరులో నా ఫోన్ మోగింది. అవతల అవ్వ.

“ఒరేయ్, నా ఫోన్ టింగ్‌మన్యాది. ఏందో ఇంగ్లీషులో రాసినారు. పక్కింటి పిల్ల సదివి చెప్పింది. దుడ్లు పడినాయంట.”

“అవునా అవ్వా? నాకు మెసేజ్ రాలేదే!”

“నీకెందుకొస్తాదిరా? అవి నా దుడ్లు గదా!”